గుమ్మం దాటొచ్చిన కానుక

క్రిస్మస్ తాతకు నిండా రెండొందల ఏళ్లు. చలికాలపు ఇచ్చిపుచ్చుకోవడాలకు రెండు వేల ఏళ్ల పైమాటే. ఇంత కాలంలో వస్తువులు మారాయి, పండగల పేర్లు మారాయి. వాటన్నిటికన్నా ఎక్కువగా మారింది మాత్రం ఎవరు ఎవరికి ఇవ్వాలన్న లెక్క.

మొదటి శతాబ్దం చివర్లో రోము నగరం. డిసెంబరు పండగ రోజులు. కవి మార్షల్ ఇంటికి కానుక వచ్చింది. మోసుకొచ్చినవాళ్లు ఎనిమిది మంది, అందరూ సిరియా నుంచి తెచ్చిన దిట్టమైన మనుషులు. ఏ వెండి సామానో అనుకుంటే మూటల్లోంచి బయటపడ్డవి ఇవి: రాసుకునే మైనపు పలకల కట్టలు పన్నెండు, పళ్లు కుట్టుకునే పుల్లలు ఏడు, ఒక స్పాంజి, ఒక తుండు, ఒక గిన్నె, కాసిని చిక్కుడు గింజలు, బుట్టెడు ఆలివ్ కాయలు, కూజాడు ద్రాక్షపాకం, ఎండు అంజూరపళ్లు. అంతా కలిపి ముప్పై నాణేలు చెయ్యదని మార్షల్ లెక్కగట్టాడు. పైగా పంపిన ఉంబర్ వీటిలో ఒక్కటీ కొన్నవాడు కాదు. ఐదు రోజుల పండగలో తనకు ఎవరెవరో ఇచ్చినవన్నీ పోగేసి ఇటు తోలేశాడు. ఇంతమంది చేత మోయించే బదులు ఐదు పౌండ్ల వెండి ఇచ్చి ఒక్క కుర్రాణ్ని పంపితే పోయేది కదా అని కవిగారు పద్యం కట్టి పరువు తీశారు.

గృహప్రవేశంలో వచ్చిన గోడగడియారం మీద పేరు గీకేసి ఇంకో గృహప్రవేశానికి పట్టుకెళ్లడం, దీపావళికి వచ్చిన సోన్‌పాపిడి డబ్బాను విప్పకుండానే పక్కింటికి దాటించడం మనం కనిపెట్టిన విద్యలు కావన్నమాట.

డిసెంబరు వచ్చిందంటే ఇప్పుడు హైదరాబాద్ ఆఫీసుల్లో సీక్రెట్ శాంటా చీటీలు తిరుగుతాయి. షాపింగ్ మాల్లో దూదిగడ్డం తాత పిల్లలకు చాక్లెట్లు పంచుతాడు. ఆన్‌లైన్ డబ్బాలు గుమ్మం ముందు పేరుకుంటాయి. ఇదంతా ఎక్కణ్నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే దారి ఒక్క బెత్లెహేముకే పోదు. రోము పొలాల్లోకి, ఇంగ్లండు రాజుగారి ఖాతా పుస్తకాల్లోకి, న్యూయార్క్ వీధి గొడవల్లోకి, చివరికి మన కళ్లంలో ధాన్యపు రాశి దగ్గరికీ పోతుంది.

గాదె నిండిన నెల

పాత రోములో డిసెంబరు 17 శాటర్న్ దేవుడి పండగ. ఆయన వ్యవసాయానికి అధిదేవత. విత్తనాలు చల్లడం అయిపోయింది, గాదెలు నిండి ఉన్నాయి, పగళ్లు పొట్టివి, పొలంలో పెద్దగా పని లేదు. ఒక్కరోజు పండగగా మొదలైన శాటర్నేలియా దాదాపు వారం రోజులకు పెరిగింది. కోర్టులు మూసేవారు. మామూలు రోజుల్లో నేరమైన జూదానికి అప్పుడు అడ్డు ఉండేది కాదు. యజమానులు బానిసలతో కలిసి భోంచేసేవారు, కొన్ని ఇళ్లలో వాళ్లకు తామే వడ్డించేవారు. వారం దాటగానే ఎవరి స్థానం వాళ్లదే.

ఇచ్చుకునే వస్తువుల్లో అన్నిటికన్నా సాధారణమైనవి మైనపు కొవ్వొత్తులు, చిన్న చిన్న మట్టిబొమ్మలు. పండగ చివరి రోజులకు ఆ బొమ్మల పేరే స్థిరపడి సిగిలేరియా అన్నారు. బొమ్మలమ్మే అంగళ్లు వీధుల్లో వెలిసేవి. మార్షల్ ఈ సీజను కోసమే రెండు చిన్న పుస్తకాలు రాశాడు. కానుకతో పాటు పెట్టి పంపడానికి వీలుగా ఒక్కో వస్తువు మీద రెండేసి పాదాల పద్యం. ఆ జాబితాలో దువ్వెన, గొడుగు, పాచికలు, చెవి గుబిలి తీసుకునే పుల్ల, మాట్లాడే చిలుక ఉన్నాయి. తోలుకాగితాల మీద రాసి పుటలుగా కుట్టిన హోమరు, వర్జిల్ కావ్యాలూ ఉన్నాయి. పపైరస్ చుట్టలు పోయి మనం ఎరిగిన పుస్తకం రూపం దిద్దుకుంటున్న తొలి ఆనవాళ్ల కోసం చరిత్రకారులు తిరగేసే చోట్లలో ఈ కానుకల జాబితా ఒకటి.

విందుల్లో చీటీలు తీసి కానుకలు పంచడమూ ఉండేది. ఖరీదైనదొకటి, చవకదొకటి పక్కపక్కన పెట్టి ఎవరి అదృష్టం వాళ్లదనేవారు. చక్రవర్తి అగస్టస్‌కు ఇది మహా సరదా. ఆయన ఒక్కోసారి బంగారం, వెండి, బట్టలు పంచేవాడనీ, ఒక్కోసారి స్పాంజి ముక్కలు, పొయ్యి కెలికే ఊచలు, పట్టకార్లు ఇచ్చేవాడనీ చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. వాటికి తికమకపెట్టే పేర్లు కూడా పెట్టేవాడట. సీక్రెట్ శాంటాలో బాసుగారికి ప్లాస్టిక్ బొద్దింక వస్తే అది రెండు వేల ఏళ్ల నాటి హాస్యమే.

విసుక్కున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. తత్వవేత్త సెనెకా ఊరంతా ఈ హడావుడిలో చెమటలు కక్కుతోందనీ, ఏడాది పొడవునా డిసెంబరే నడుస్తున్నట్టుందనీ మిత్రుడికి రాసిన ఉత్తరంలో గొణుక్కున్నాడు.

కింది నుంచి పైకి

శాటర్నేలియా ముగిసిన వారానికే జనవరి ఒకటి. ఆ రోజు ఇచ్చే శుభాకాంక్షల కానుకలను స్ట్రెనే అనేవారు. మొదట్లో అవి స్ట్రెనియా దేవత తోపులోంచి తెచ్చిన కొమ్మలు. తర్వాత ఏడాదంతా తియ్యగా గడవాలని తేనె, ఖర్జూరం, అంజూరం చేరాయి. ఆ తర్వాత నాణేలు వచ్చాయి. నాణెం వచ్చాక కానుక దిక్కు మారింది. ప్రజలు చక్రవర్తికి ఇవ్వడం మొదలెట్టారు.

ఒక్కో చక్రవర్తి ఒక్కో తీరు. అగస్టస్ ఆ డబ్బుతో దేవతా విగ్రహాలు కొని నగరంలోని పేటల్లో పెట్టించేవాడు. టైబీరియస్ మొదట్లో తెచ్చినదానికి నాలుగింతలు తిరిగి ఇచ్చేవాడు. మొదటి రోజు దర్శనం దొరకనివాళ్లు నెలంతా వస్తూనే ఉండటంతో విసిగిపోయి, జనవరి ఒకటి దాటాక ఇచ్చిపుచ్చుకోవడమే నిషేధించాడు. కలిగులాకు ఆ బాధ లేదు. కూతురు పుట్టింది, ఖర్చులున్నాయని చెప్పుకుని, కొత్త సంవత్సరం నాడు గుమ్మంలో నిలబడి మరీ దోసిళ్లతో డబ్బు వసూలు చేసుకున్నాడు.

ఈ అలవాటు రోముతో పోలేదు. ఇంగ్లండులో ట్యూడర్ రాజుల కాలానికి కానుకల రోజు క్రిస్మస్ కాదు, కొత్త సంవత్సరమే. రాణి మొదటి ఎలిజబెత్‌కు ఎవరేం ఇచ్చారో, బదులుగా వాళ్లకు ఎంత బరువున్న బంగారు పూత వెండి పాత్ర వెళ్లిందో పొడవాటి తోలు చుట్టల మీద రాసి ఉంచారు. ప్రభువులు బంగారు నాణేల సంచులిస్తే, వంటశాల మనిషి తీపి వంటకం పెట్టేవాడు. పెళ్లి చదివింపుల పుస్తకంలా ప్రతి పేరుకూ ఓ పద్దు. హోదాను బట్టి బదులు కానుక బరువు తూగేది. కానుక తీసుకోకపోతే దానికీ అర్థం ఉండేది. 1532 కొత్త సంవత్సరానికి భార్య కేథరిన్ పంపిన బంగారు పాత్రను ఎనిమిదో హెన్రీ తిప్పి పంపాడు. ఆన్ బొలీన్ ఇచ్చిన అడవిపంది వేట బల్లేలను పుచ్చుకున్నాడు. మర్నాటికల్లా దర్బారంతటికీ సంగతి బోధపడే ఉంటుంది.

ఇవ్వాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి, పుచ్చుకున్నదానికి తిరిగి ఇవ్వాలి. ఈ మూడు ముళ్ల లెక్కను 1925లో ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్సెల్ మోస్ సిద్ధాంతంగా చెప్పాడు. ఊరికే వచ్చే కానుక ఎక్కడా లేదన్నాడు. పసిఫిక్ దీవులు, అమెరికా ఆదివాసులతో పాటు ఆయన సాక్ష్యానికి పిలిచిన గ్రంథాల్లో మహాభారతంలోని అనుశాసన పర్వం కూడా ఉంది.

ఇంగ్లిషువాళ్లు ఈ లెక్కను పడవెక్కించి మన దేశం తెచ్చారనలేం. నజరానాలు ఇక్కడ ముందునుంచీ ఉన్నాయి. రెండూ బాగానే కలిసిపోయాయి. ఈస్టిండియా కంపెనీ నౌకర్లు నవాబుల నుంచీ జమీందార్ల నుంచీ కానుకల పేరుతో కాజేసింది ఎంత పెరిగిందంటే, 1773లో బ్రిటిష్ పార్లమెంటు రెగ్యులేటింగ్ చట్టం తెచ్చి వాటిని నిషేధించాల్సి వచ్చింది. పళ్ల తట్టలు మాత్రం ఆగలేదు. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ దొరగారి బంగళాకు కాంట్రాక్టర్లు, కింది ఉద్యోగులు పళ్లు, పూలు, మిఠాయిలు పేర్చిన తట్టలు పంపడం ఆనవాయితీ. దాన్ని డాలీ అనేవారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ మాటకు చోటు దొరికిందంటే ఆచారం ఎంత పాతుకుపోయిందో తెలుస్తుంది.

దొరలు వెళ్లారు, తట్టలు ఉండిపోయాయి. జనవరి ఒకటో తేదీ పొద్దున ఏ కలెక్టరేట్‌కైనా వెళ్లి చూడండి. బొకేలు, యాపిల్ బుట్టలు, డైరీలు, మంత్రిగారి బొమ్మతో క్యాలెండర్లు. ఈమధ్య కొందరు కలెక్టర్లు బొకేలు వద్దు, హాస్టలు పిల్లలకు నోటుపుస్తకాలో దుప్పట్లో తెండని ముందే ప్రకటిస్తున్నారు. చక్రవర్తికి ఇచ్చిన డబ్బు పేటల్లో విగ్రహాలైనట్టు, ఇక్కడ బొకే నోటుపుస్తకమవుతోంది.

ముగ్గురు ఆడపిల్లల తండ్రి

క్రైస్తవం రోములో నిలదొక్కుకున్నాక పాత పండగల మీద పెద్దలకు కోపం పోలేదు. నాలుగో శతాబ్దం నడిమికల్లా డిసెంబరు 25 క్రీస్తు జననం రోజుగా రోములో పంచాంగానికెక్కింది. అయినా జనవరి ఒకటి కానుకలు ఆగలేదు. పాత మతంవాళ్లు స్నేహితులకు ఇచ్చుకుంటే మీరు పేదలకు దానమివ్వండని సెయింట్ అగస్టీన్ బోధించాల్సి వచ్చింది.

కానుకకు క్రైస్తవంలో ఆధారం కావాలంటే మత్తయి సువార్తలో ఉంది. తూర్పు దేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చి శిశువు ముందు పెట్టారు. ఎంతమంది జ్ఞానులో సువార్త చెప్పలేదు. వస్తువులు మూడు కాబట్టి మనుషులు ముగ్గురని తర్వాతివాళ్లు లెక్కకట్టారు. స్పెయిన్‌లో పిల్లలకు బొమ్మలు తెచ్చేది ఇప్పటికీ ఈ జ్ఞానులే. జనవరి ఐదో తేదీ రాత్రి వస్తారు.

రెండో ఆధారం సెయింట్ నికొలస్. నాలుగో శతాబ్దంలో మైరా పట్టణానికి బిషప్. ఆ ఊరు ఇప్పుడు తుర్కియేలోని దెమ్రే. ఆయన గురించి ప్రచారంలో ఉన్న కథ తెలుగువాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. చితికిపోయిన ఒక తండ్రి, పెళ్లీడుకొచ్చిన ముగ్గురు కూతుళ్లు, కట్నానికి డబ్బు లేదు. పిల్లలు వీధిన పడే పరిస్థితి. నికొలస్ రాత్రివేళ వచ్చి కిటికీలోంచి బంగారం మూట విసిరి వెళ్లాడు. పెద్దపిల్ల పెళ్లయింది. రెండోసారీ అంతే. మూడోసారి తండ్రి కాపు కాసి పట్టుకుంటే, తాను బతికున్నంత కాలం ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు.

రోము లెక్కలో లేని సంగతి ఇక్కడ వచ్చి చేరింది. ఇచ్చినవాడి పేరు తెలియకపోతే తిరిగి ఇవ్వడం ఎలా? బదులు తీర్చలేని కానుక ఇది. పద్దు పుస్తకంలో రాయడానికి వీల్లేదు.

1087లో ఇటలీ నావికులు నికొలస్ అస్థికలను మైరా నుంచి బారీ పట్టణానికి పట్టుకుపోయారు. దాంతో పశ్చిమ యూరప్‌లో ఆయన పేరు మారుమోగింది. డిసెంబరు 6 ఆయన పండగ. నెదర్లాండ్స్‌లో ముందు రాత్రి పిల్లలు బూట్లు బయటపెట్టి, ఆయన గుర్రానికి క్యారట్ ఉంచి పడుకుంటారు. సంస్కరణోద్యమంలో సాధువుల పూజ కూడదన్నప్పుడు జర్మనీలో చాలాచోట్ల ఆ పని బాల క్రీస్తుకు అప్పగించి కానుకలను క్రిస్మస్‌కు జరిపారు. డచ్చివాళ్లు మాత్రం తమ సింటర్‌క్లాస్‌ను వదల్లేదు. శాంటాక్లాజ్ పేరుకు మూలం ఆయనే.

పెట్టకపోతే ఊరుకోరు

ఇదంతా చర్చి చెప్పిన కథ. వీధిలో నడిచిన కథ వేరు. యూరప్ పల్లెల్లో డిసెంబరు అంటే కోతలైపోయిన, సారా కాగిన, పశువుల్ని కోసి మాంసం నిల్వ చేసిన నెల. ఏడాదిలో పేదవాడికి కడుపునిండా దొరికే రోజులు అవే. గుంపులు గుంపులుగా పాటలు పాడుతూ భూస్వామి ఇంటికి వెళ్లి తలుపు తట్టేవారు. మంచి పానీయం, మంచి భోజనం అడిగేవారు. పెడితే దీవెనలు, లేకపోతే తిట్లు, ఒక్కోచోట కిటికీ మీద రాళ్లు. ఇంగ్లండులో దీన్ని వాసెలింగ్ అన్నారు. అది ముష్టి కాదు. ఏడాదంతా చాకిరీ చేసినవాడు ఆ ఒక్కరోజు వసూలు చేసుకునే హక్కు.

పట్నంలో ఇదే ఇంకో రూపంలో ఉండేది. పనివాళ్ల కుర్రాళ్లు మట్టి డిబ్బీలు పట్టుకుని యజమానుల దగ్గరకూ ఖాతాదారుల దగ్గరకూ తిరిగి, పండగ తర్వాత పగలగొట్టి పంచుకునేవారు. డిసెంబరు 26ను బాక్సింగ్ డే అనడానికి ఈ డిబ్బీలే కారణమని చెబుతారు. పదిహేడో శతాబ్దపు లండన్‌లో ఈ మామూళ్లకు ఎంత ఖర్చయిపోతోందో అని శామ్యూల్ పీప్స్ డైరీలో సణుక్కున్నాడు.

ప్యూరిటన్లకు ఈ తాగుడూ రభసా నచ్చలేదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌నే రద్దు చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా.

సంక్రాంతి ఎరిగినవాళ్లకు ఈ వీధి గోలలో చుట్టరికం కనిపిస్తుంది. మనకూ చలికాలమే పంట చేతికొచ్చే కాలం. నెత్తిన అక్షయపాత్రతో హరిదాసు, డూడూ బసవన్నతో గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు, జంగందేవర్లు ధనుర్మాసమంతా గుమ్మంలోకి వస్తారు. చేటలో బియ్యం, పాత చీర, పంచె పడాలి. అంతకుముందే కళ్లంలో రాశి పోసినప్పుడు చాకలికి, మంగలికి, కుమ్మరికి, వడ్రంగికి, మాలమాదిగ పనివాళ్లకు మేర కొలిచేవారు. ఏడాది పొడవునా చేసిన పనికి అదే కూలి. దాన్ని దయగా చెప్పుకున్నది ఇచ్చినవాళ్లే. పుచ్చుకునేవాళ్లకు అది బాకీ వసూలు.

చిమ్నీలోంచి వచ్చినవాడు

1820ల న్యూయార్క్‌కు ఈ వీధి సంప్రదాయం పెద్ద తలనొప్పి అయింది. నగరం ఉబ్బిపోతోంది. పనిలేని కుర్రకారు, కొత్తగా వచ్చిన కూలీలు డిసెంబరు చివరి వారంలో డబ్బాలు వాయిస్తూ, తాగి, ధనికుల పేటల్లోకి దూసుకొచ్చేవారు. పల్లెలో భూస్వామికి తలుపు తట్టేవాడి పేరు తెలుసు. ఇక్కడ ఎవరికీ ఎవరూ తెలియదు.

ఊరి పెద్దమనుషులు కొందరు పాత డచ్చి ముచ్చట్లను బయటికి తీశారు. న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన జాన్ పింటార్డ్ సెయింట్ నికొలస్‌ను ఊరి పెద్దగా నిలబెట్టాడు. రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1809లో రాసిన హాస్య చరిత్రను 1812లో సవరిస్తూ ఆయన్ని ఆకాశమార్గాన బండి తోలించాడు. 1823 డిసెంబరు 23న ట్రాయ్ పట్టణపు పత్రికలో పేరు లేకుండా ఓ పిల్లల గేయం అచ్చయింది. రాసింది తానేనని తర్వాత క్లెమెంట్ క్లార్క్ మూర్ ఒప్పుకున్నాడు. న్యూయార్క్‌లో పెద్ద ఆస్తిపరుడు, మతపాఠశాలలో ఆచార్యుడు. తన తోటల్లోంచి నగరపాలకులు కొత్త వీధులు వెయ్యడం చూసి కడుపు మండిన మనిషి.

ఆ గేయంలో అర్ధరాత్రి ఇంట్లోకి దిగినవాడు బిషప్ కాదు. ఒళ్లంతా మసి, వీపున మూట, నోట్లో పొట్టి పొగగొట్టం. పెద్దమనుషులు పొడవాటి గొట్టంతో పొగ తాగే రోజులవి. పొట్టి గొట్టం కూలివాడి గుర్తు. స్టీఫెన్ నిస్సెన్‌బామ్ అనే చరిత్రకారుడు 1996 నాటి ‘ద బ్యాటిల్ ఫర్ క్రిస్మస్’ పుస్తకంలో ఈ గుర్తును పట్టుకున్నాడు. వీధిలోంచి వచ్చే ఆ మనిషే వచ్చాడు. కానీ అడగలేదు, అరవలేదు. మాటామంతీ లేకుండా మూట విప్పి పిల్లల మేజోళ్లు నింపి వెళ్లిపోయాడు.

పెద్ద మలుపు ఇదే. అప్పటిదాకా కింద ఉన్నవాడికి పెట్టడం పండగ ధర్మం. ఇప్పుడు ఆ కింద ఉన్నవాడి స్థానంలో కన్నపిల్లలు వచ్చి కూర్చున్నారు. ఇవ్వడమూ ఉంది, పెద్దచెయ్యి చిన్నచెయ్యి తేడా ఉంది, పుచ్చుకున్నవాడి మొహంలో సంతోషం చూసే సరదా ఉంది. గుమ్మం తలుపు మాత్రం గడియ వేసే ఉంది.

కొట్టు మీదికి ఎక్కిన పండగ

ఆ గడియ వేసిన ఇంట్లోకి దూరడం వ్యాపారికి తేలికైంది. మొదట పుస్తకాలు వచ్చాయి. 1820లలో లండన్‌లో, ఫిలడెల్ఫియాలో బహుమతికే ప్రత్యేకంగా కుట్టించిన సంచికలు ఏటా చలికాలంలో వెలువడేవి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ తొలి క్రిస్మస్ కార్డు అచ్చేయించి షిల్లింగు చొప్పున అమ్మాడు. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు హార్పర్స్ వీక్లీలో శాంటాకు బొజ్జ, గడ్డం, బొమ్మల కార్ఖానా సమకూర్చాడు. 1867లో న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం క్రిస్మస్ ముందురోజు అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచింది. ఎర్రకోటు కోకాకోలా తొడిగిందేనన్న మాట సరికాదు. 1931లో హాడన్ సండ్‌బ్లమ్ ఆ కంపెనీకి బొమ్మలు గీసేనాటికే శాంటా ఎర్రకోటులో తిరుగుతున్నాడు. ఆ ప్రకటనలు దాన్ని ప్రపంచమంతా స్థిరపరిచాయి.

దుకాణంలో కొన్న వస్తువు కానుకలా కనబడాలంటే ధర చీటీ దాగాలి. 1917 డిసెంబరులో కాన్సస్ సిటీలో హాల్ సోదరుల కొట్టులో పల్చటి చుట్టుడు కాగితం అయిపోయింది. చేతికందిన ఫ్రెంచి కవర్ల లోపలి పూల కాగితాన్ని కౌంటర్ మీద పెట్టి అమ్మేశారు. క్షణాల్లో ఖాళీ. మరుసటి ఏడూ అంతే. ఆ సోదరుల కంపెనీయే హాల్‌మార్క్. ఇవాళ మనం పెద్ద శబ్దంతో చింపి పారేసే పూల కాగితానికి పుట్టుక ఆ కౌంటరే.

బరువు ఎవరి మీద పడిందో చెప్పే కథ ఇంకోటుంది. 1912 నాటికి న్యూయార్క్ డిపార్ట్‌మెంటు స్టోర్లలో పనిచేసే అమ్మాయిలు తమ మీద అజమాయిషీ చేసేవాళ్లకు క్రిస్మస్ కానుకల కోసం జీతంలోంచి చందాలు వేసుకోవాల్సి వచ్చేది. ఇష్టంలేదంటే ఉద్యోగానికి ఎసరు. వాళ్లకు అండగా ఎలినార్ బెల్మాంట్ తదితరులు పనికిమాలిన కానుకల నివారణ సంఘం పెట్టారు. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా సభ్యుడిగా చేరారు.

1993లో ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ యేల్ విద్యార్థులను అడిగి ఓ లెక్క తేల్చాడు. మీకొచ్చిన కానుకను మీ డబ్బుతో అయితే ఎంతకు కొంటారు? జవాబులు కానుక ఖరీదు కన్నా తక్కువే వచ్చాయి. పదో వంతు నుంచి మూడో వంతు దాకా విలువ చేతులు మారేలోపు ఆవిరైపోతోందని ఆయన తేల్చాడు. డబ్బే ఇచ్చెయ్యమని అర్థం. నూటపదహార్లు చదివించే మనకు ఇది కొత్త సిద్ధాంతమేం కాదు.

మన డిసెంబరు, మన జనవరి

తెలుగు నేల మీద క్రిస్మస్‌కు వీధి వాసన ఇంకా ఉంది. డిసెంబరు రాత్రుల్లో సంఘస్థులు గుంపుగా కంజీరలు, గిటార్లు పట్టుకుని కేరల్స్‌కు బయల్దేరతారు. ఇంటింటి ముందూ పాట, ప్రార్థన, ఇంటివాళ్లు టీ ఇచ్చి చేతిలో కానుక పెట్టడం. సెమీ క్రిస్మస్ పేరుతో నెలంతా విందులు నడుస్తాయి. ఇంటిమీద స్టారు వెలిగిందంటే అరిసెలు, కజ్జికాయలు పక్కిళ్లకు వెళ్తాయి. సంక్రాంతికి ఆ గిన్నెలు ఖాళీగా తిరిగి రావు.

మెదక్ చర్చి ఈ కథలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన చోటు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ చేయించిన ఈ కట్టడం ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. కరవు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల జనానికి పని కల్పించి తిండి పెడుతూ పదేళ్ల పాటు కట్టారు. గంజి కేంద్రం తెరిచి వరసలో నిలబెట్టడం ఒక పద్ధతి. చేసిన పనికి తిండి ఇవ్వడం ఇంకో పద్ధతి. క్రిస్మస్‌కు అక్కడికి తరలివచ్చే వేలమందిలో తాతలు అక్కడ రాళ్లు మోసినవాళ్లూ ఉండే ఉంటారు.

సంక్రాంతిలో కానుక ఒక్క దిక్కున పోదు. తెలంగాణ ఆడవాళ్లు నోము పట్టి ఒకే రకం వస్తువులు పదమూడు తెచ్చి, పసుపు కుంకుమలతో ముత్తైదువులకు పంచుతారు. ఈ ఏడు నేనిచ్చిన స్టీలు గిన్నె, వచ్చే ఏడు మీరిచ్చే డబ్బా. ఎవరూ పైన లేరు, ఎవరూ కింద లేరు. గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడికి వందల రకాల వంటకాలతో విస్తరి వేసి ఫోన్లో వీడియో తీసి లోకానికి చూపిస్తారు. ట్యూడర్ల తోలు చుట్టకు మన వాట్సాప్ స్టేటస్ ఏం తీసిపోదు. ఇక ప్రభుత్వాలు. తెలంగాణలో క్రిస్మస్‌కు పేద కుటుంబాలకు కొత్త బట్టలు పంచారు. ఆంధ్రలో 2015 నుంచి కొన్నేళ్లు ‘చంద్రన్న సంక్రాంతి కానుక’ సంచీ రేషన్ దుకాణాల్లో అందింది. సంచీ మీద ఇచ్చినవారి పేరుంది. కిటికీలోంచి మూట విసిరి తప్పుకున్న బిషప్ పద్ధతి ఎన్నికల రాజకీయాలకు సరిపడదు.

ఒక్క విషయంలో మాత్రం మనమూ 1820ల న్యూయార్క్ దారిలోనే ఉన్నాం. అపార్ట్‌మెంటు గేటు దగ్గర హరిదాసును వాచ్‌మన్ ఆపేస్తాడు. కళ్లం లేదు, మేర లేదు. పండగ జాబితాలో పిల్లలు, వాళ్ల స్నేహితులు, అమెరికాలో ఉన్న అన్నయ్య పిల్లలు ఉంటారు. రోజూ లిఫ్టు తుడిచే మనిషి పేరు ఆ జాబితాలో ఉండాలంటే ముందు పేరు తెలియాలి.

చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన ‘ఎ క్రిస్మస్ కేరల్’లో పిసినారి స్క్రూజ్ మారిపోయాక గుమస్తా బాబ్ క్రాచిట్ ఇంటికి పెద్ద టర్కీ కోడిని పంపుతాడు. పంపిందెవరో చెప్పనివ్వడు. సినిమాలన్నీ ఆ కోడిని బాగా చూపిస్తాయి. మర్నాడు ఆఫీసుకొచ్చి గుమస్తా జీతం పెంచడం కూడా కథలో ఉంది. డికెన్స్ రెండూ రాశాడు, సరైన లెక్కతో రాశాడు. పనివాడికి రావాల్సింది ముట్టాక ఇచ్చేదే కానుక. ఈ డిసెంబరులో వంటమనిషికి కేకు ముక్క, డ్రైవరుకు చొక్కా ఇచ్చే ముందు వాళ్ల జీతం ఆఖరిసారి ఎప్పుడు పెంచామో ఓసారి గుర్తు చేసుకుంటే చాలు. మిగతాది రంగు కాగితం చూసుకుంటుంది.

ఎవరు మోసుకొస్తారు?

ఇటలీ: జనవరి 6 తెల్లవారేలోపు చీపురెక్కి బెఫానా అవ్వ వస్తుంది. బుద్ధిమంతులకు మిఠాయి, అల్లరివాళ్లకు బొగ్గు.

రష్యా: విప్లవం తర్వాత క్రిస్మస్ చెట్టును దూరం పెట్టారు. 1935 డిసెంబరులో సోవియట్ నేత పావెల్ పోస్టిషెవ్ ప్రావ్దా పత్రికకు రాసిన ఉత్తరంతో అది కొత్త సంవత్సరపు చెట్టుగా తిరిగొచ్చింది. మంచుతాత దెద్ మరోజ్ కూడా అదే రోజుకు మారాడు.

ఐస్‌లాండ్: పదమూడు మంది కొంటె అన్నదమ్ములు రోజుకొకరు చొప్పున వచ్చి కిటికీలో పెట్టిన బూట్లలో కానుకలుంచుతారు. పుస్తకాలు ఇచ్చుకోవడమూ బాగా వాడుక. రెండో ప్రపంచయుద్ధ కాలంలో చాలా దిగుమతులకు కట్టడి ఉన్నా కాగితం దొరికేది. అప్పుడు మొదలైన పుస్తకాల కానుకలు ఇప్పటికీ ఆగలేదు.

జపాన్: డిసెంబరులో ఒసెయిబో. ఏడాదంతా సాయపడ్డ పై అధికారులకు, గురువులకు, వైద్యులకు కృతజ్ఞతగా పంపే కానుక. నూనె, పళ్లు, చేపలు, బీరు పెట్టెల్లో సర్ది డిపార్ట్‌మెంటు స్టోర్లే ఇళ్లకు చేరుస్తాయి.

కందకాల్లో కలకండ

1914 క్రిస్మస్‌కు బ్రిటిష్ రాజు కూతురు, పదిహేడేళ్ల ప్రిన్సెస్ మేరీ పేరిట నిధి సేకరించి సైనికులకు ఇత్తడి డబ్బీలు పంపారు. అందులో సిగరెట్లు, పొగాకు, శుభాకాంక్షల కార్డు ఉండేవి. ఫ్రాన్సులో భారత సైనికులూ పోరాడుతున్నారు కాబట్టి వాళ్లకు విడిగా ఆలోచించారు. పొగ తాగని సిక్కులకు కలకండ, మసాలా దినుసుల డబ్బీ. మిగతా భారతీయ సైనికుల్లో చాలామందికి వాటితో పాటు సిగరెట్లు. మొదటి ప్రపంచయుద్ధపు మంచు కందకాల్లోకి మసాలా వాసన చేరింది ఓ క్రిస్మస్ డబ్బీలో.